రెండు కార్లకు ఒక్క కార్బురేటర్

విమానాల మీటర్లు, గడియారాలు బాగుచేసే షాపులో పనిచేసి రిటైరైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఇంట్లోవాళ్లకు ఆ నమ్మకం షెడ్డులోకి కారు తెచ్చిన రోజే పోయింది కాబట్టి, ఆ కాగితం దీనికి జతచేశాను.

1. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ నా భార్యకు చెందును. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా ఆమెదే. వంటింటి గోడకు నేను బిగించిన విమానం గడియారం కూడా ఆమెకే. ఆ టిక్కుటిక్కు వింటే తలనొప్పి అని పెళ్లైనప్పటి నుంచీ సణుగుతోంది. నేను ఊళ్లో లేనప్పుడు దానికి కీ ఇచ్చేది మాత్రం తనే. నా తర్వాత దాన్ని పీకేసే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది.

2. పాత విమానపు చెక్క ప్రొపెల్లర్ మా అబ్బాయికి. నా పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ అంటూ పాత వార్నిష్ అంతా గీకించి, తళతళలాడే పెయింటు కొట్టించాడు. తయారుచేసినవాళ్ల ముద్ర కూడా దాంతోపాటే పోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ప్రేమతోనే చేశాడు, అందుకే తిట్టలేక చచ్చాను. ఇక దాన్ని ఎవరూ తీసుకోరు, వాడే పెట్టుకోవాలి.

3. నా గదిలోని పైలట్ కళ్లద్దాలు, రబ్బరు బుడ్డి హారన్, గరగర తప్ప ఏమీ పలకని రేడియో వగైరా వింత సామాను, చూడగానే ఇదేంటని అడిగినవాళ్లు ఎవరైనా పట్టుకుపోవచ్చు. ఎంతకు పోతుందని అడిగినవాళ్లకు చెల్లదు. కారు చూసి మైలేజీ అడిగిన మా తోడల్లుడికి ఆ గదిలోకి ప్రవేశమే లేదు.

4. ఇక కారు సంగతి. మా బావ, అంటే అక్క మొగుడు, నేనూ కుర్రతనంలో తుక్కు కొట్లో ఒకే మోడలు కార్లు రెండు కొన్నాం. రెంటికీ కలిపి పనికొచ్చే గేర్‌బాక్సు ఒకటి, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ ఒకటి. ఆయన గేర్‌బాక్సు, నేను కార్బురేటర్ ఇంటికి తెచ్చుకున్నాం. ముందు ఎవరి బండి రోడ్డెక్కాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. అప్పటి నుంచీ నాది స్టార్టవుతుంది, కదలదు. ఆయనది తోస్తే కదులుతుంది, స్టార్టవదు. ఇప్పటి కార్ల బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనబడదు. వీటిలో ప్రతి మరా చేతికందుతుంది, ఎక్కడ నొప్పో బండే చెబుతుంది. అలాంటి బండ్లను పంతానికి పోయి మూలన పడేశాం. రాయబారాలు మోసి మోసి విసిగిపోయిన అక్క, “మీ ఇద్దర్నీ తుక్కు కింద కూడా ఎవరూ కొనరు” అంది.

5. నా మరణానంతరం కార్బురేటర్ మా బావకు చెందును. మిగిలిన కారు మా అబ్బాయికి, రంగుల జోలికి పోకూడదన్న షరతు మీద. కార్బురేటర్ ఇప్పుడే ఇచ్చేస్తే పోయేదిగా, దానికి వీలునామా ఎందుకని వకీలు అడిగాడు. బతికుండగా ఇస్తే ఓడిపోయినట్టుంటుందని చెప్పాను. ఆయన పెన్నుకు మూత పెట్టుకున్నాడు.

6. ఇంతవరకూ రాశాక, సాక్షి సంతకానికి నేను పిలిపించిన మా బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో సొంత పెన్ను. వీలునామాలో ఏదైనా ముట్టేవాడు సాక్షిగా పనికిరాడని వకీలు అప్పుడు నా చెవిలో ఊదాడు. కారణం చెప్పకుండా వద్దన్నాం. “సంతకానికి కూడా పనికిరానట్రా నేను?” అన్నాడు. కాఫీ తాగలేదు. కిటికీలోంచి చూశాను. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతున్నాడు. ఆయన నాకంటే పెద్దవాడు. నా తర్వాత కూడా ఆయన ఉంటాడని ఏ ధైర్యంతో రాశాను? నా మీద నాకే అసహ్యం వేసింది.

కావున అయిదో అంశంలో కార్బురేటర్ మాట కొట్టేస్తున్నాను. అది ఇక నా ఆస్తి కాదు, నా వారసులెవరూ అడగరాదు. గుడ్డలో చుట్టి సాయంత్రం నేనే పట్టుకెళ్తున్నాను. మా బావ సాక్షిగా వచ్చేదాకా దీని మీద సంతకం పెట్టను. వకీలు విసుక్కుంటే విసుక్కోనీ.

తేదీ: 2019 మార్చి 17

(సంతకం) వీలునామా రాసినవాడు

సాక్షులు:

1. (సంతకం) పక్కింటి టైలరు

2. (సంతకం) ఇతని బావను. కార్బురేటర్ ముట్టింది. బ్రేకులు ఇంకా కుదరలేదు గనుక మెల్లగానే, నా కార్లోనే వచ్చి సంతకం చేశాను.