సారు లెక్కలో నెమ్మదైన ఎలక్ట్రాన్లు

ప్రియమైన అక్కకి,

మూడు వారాలుగా ఫోన్‌లో "బాగానే ఉన్నా" అన్నదంతా అబద్ధం. గొంతు వింటే పట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నా పని నీకు కాస్త తెలుసుగా. గెలాక్సీల గుంపుల్లో కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది. ఆ వేడికి ఎలక్ట్రాన్లు పరమాణువుల నుంచి ఊడిపోయి విచ్చలవిడిగా తిరుగుతుంటాయి. విశ్వం పసితనం నాటి చల్లని కాంతి అటుగా వచ్చి వాటికి గుద్దుకుంటే, కాస్త శక్తి పుంజుకుని బయటపడుతుంది. ఆ మార్పును కొలిచి వాయువు సంగతి చెబుతాం. ఎనిమిదేళ్ల క్రితం మా గైడు సారు ఒక గుంపుకి ఈ లెక్క కట్టి పేరు తెచ్చుకున్నారు. అదే లెక్క నన్ను మళ్లీ చేయమన్నారు; చేస్తే కుదరలేదు. నాలుగుసార్లు చేశాను. తప్పు నాది కాదక్కా, సారుది! ఎలక్ట్రాన్లు నెమ్మదిగా పోతాయనుకుని వాడిన సూత్రం అది. అక్కడేమో అవి కాంతి వేగంలో మూడోవంతుతో దూసుకుపోతున్నాయి.

ముప్పై ఆరేళ్ల వయసులో, ఎవరూ చేర్చుకోని నన్ను పిలిచి చేర్చుకున్న మనిషాయన. ఆ మొహం చూసి ఎలా చెప్పను? అందుకే పరిశోధన మానేద్దామని నిశ్చయించుకున్నాను.

నీ పిచ్చుక

పిచ్చుకా,

నీ ఎలక్ట్రాన్లు సగమే అర్థమయ్యాయి గానీ, నీ తిక్క మాత్రం పూర్తిగా అర్థమైంది. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. కొలత తప్పిందని చెప్పినవాళ్ల మీద నాకు ఒక్క పూట కోపమొస్తుంది. తెలిసీ చెప్పనివాళ్లను మాత్రం జన్మలో క్షమించను. నోరు తెరిచి చెప్పిరా. తిడితే నా దగ్గరకొచ్చి ఏడువు.

మీ అక్క

అక్కా, నా బంగారు అక్కా,

చెప్పేశాను! కాగితాలు బల్లమీద పెట్టి, "సార్, మీరు ఎలక్ట్రాన్లని మరీ మెల్లగా నడిపించారు" అన్నాను. సారు కళ్లజోడు పైకి తోసుకుని గంటసేపు చదివారు. నేను కిటికీ ఊచలు లెక్కపెట్టాను. చివరికి ఆయన ఉన్నట్టుండి పకపకా నవ్వారు.

"రెండేళ్లుగా నాకూ అనుమానమేనమ్మా. మళ్లీ లెక్కేసి చూసుకునే ధైర్యం లేకపోయింది. అందుకే నీకిచ్చా."

"నాకే ఎందుకు సార్?"

"ఇంటర్వ్యూలో నేనడిగిన ప్రశ్నే తప్పన్నావు. మిగతావాళ్లంతా దానికి జవాబు చెప్పేశారు!"

తేడా ఏడు శాతం. సవరణ వ్యాసం ఈ మధ్యాహ్నమే మొదలుపెట్టాం. "ఎనిమిదేళ్ల క్రితం నేను పొరబడ్డాను" అని మొదటి వాక్యం సారే రాశారు. కుర్చీ జరిపి, రెండో వాక్యం నన్ను రాయమన్నారు. రాశాను.

నీ చెల్లెలు