మగ్గం గుంతలో పాదాలు

గద్వాల. మంగళవారం, రాత్రి.

నర్సు ఉద్యోగంలో చేరి ఏడాదైంది. ఇవాళ ఖాజాబీ అక్కను చూశాక ఆ మాట రాయడానికే సిగ్గేస్తోంది.

ఆమె మా ఆశా కార్యకర్త. చదివింది ఏడో తరగతి. మధ్యాహ్నం ఇద్దరం నేతగాళ్ల వీధిలో లక్ష్మి ఇంటికి వెళ్లాం. లక్ష్మికి ఎనిమిదో నెల. మగ్గం గుంతలోకి కాళ్లు దింపుకొని జరీ అంచు నేస్తోంది. "బాగున్నవా?" అని గడపలోంచే అడిగాను. "బాగున్న మేడం" అని నవ్వింది. రిజిస్టరులో టిక్కు పెట్టేశాను.

అక్క మాత్రం చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.

"జర పైకి రా బిడ్డా, కాళ్లు సూస్త."

"ఈ చీర అయిపోనియ్యి అక్కా, గప్పుడు లేస్త."

"చీర యాడికి పోదు. లే."

లక్ష్మి లేచింది. గుంతలోంచి ఆ పాదాలు బయటికొచ్చాయి. మోకాళ్ల దాకా వాపు. అక్క బొటనవేలితో నొక్కితే పడ్డ సొట్ట అలాగే ఉండిపోయింది. బీపీ చూస్తే నూట డెబ్బై. అంబులెన్స్ వచ్చేదాకా అక్క ఆమె చెయ్యి వదల్లేదు. దవాఖానలో చేర్చుకున్నారు. రేపు గాని ఏ సంగతీ తెలియదు.

తిరిగొస్తూ, "ఎట్లా కనిపెట్టినవక్కా?" అన్నాను.

"మగ్గం మీద కూసున్నోళ్లను అడిగితే అందరు బాగున్ననే అంటరమ్మా. లేపి సూడాలె."

ఎంత చిన్న మాట! ఏ ట్రైనింగులోనూ నాకెవరూ చెప్పలేదు.

నిద్ర రావడం లేదు. ఆ వీధిలో ఈ నెల నేను టిక్కు పెట్టిన గర్భిణులు ఇంకా ముగ్గురున్నారు. ముగ్గురూ మగ్గం మీద కూర్చునే జవాబు చెప్పారు.