నూట పద్దెనిమిదో బ్యాచి పాస్ చేసిన నాలుక

ఈ కాగితం రాస్తున్నది, అన్ని రోగాలకీ మందని అమ్మే చేదాకు పొడి మిల్లులో రుచి చూసే పనిలో ఉన్న నేను. వయసు ఇరవై ఆరు. మిల్లులో, మా సందులో అందరూ చేదుపిల్ల అంటారు. నా కళ్లు పచ్చబడ్డాయి, గోళ్లు పచ్చబడ్డాయి, మతి మాత్రం నిక్షేపంగా ఉంది. పొద్దున డాక్టరు తేదీ అడిగితే చెప్పాను, వందలోంచి ఏడేసి తీసెయ్యమంటే తీసేశాను. లివరు బాగా దెబ్బతింటే మనిషి అయోమయంలో పడతాడు కాబట్టి అలా అడుగుతారట. నేనింకా అక్కడిదాకా రాలేదు. ఈ వీలునామా రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు, మత్తుమందేదీ ఇవ్వలేదు. కోపంలో రాస్తున్నాను. కోపంలో రాసిన వీలునామా చెల్లదని ఎక్కడా లేదు, వాకబు చేశాను.

ఎందుకు రాస్తున్నానంటే, సోమవారం నా లివరులోంచి సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. ప్రమాదం తక్కువే అన్నారు. ఎంత తక్కువ అని అడిగాను. మామూలుగా పదివేలలో ఒకరి ప్రాణం పోవచ్చని, నా రక్తం తొందరగా గడ్డకట్టడం లేదు కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువని డాక్టరమ్మ చెప్పింది. వైద్యం గురించి నేనడిగిన ప్రశ్నకి అంకెతో జవాబు చెప్పిన మొదటి మనిషి ఆమె. ఆ మర్యాదకైనా నేను సిద్ధపడి వెళ్లాలి.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా సందు చివర రక్తపరీక్షల గది నడిపే సూదక్కకి అప్పగిస్తున్నాను. ఆమె మాట కరుకు, చెయ్యి తేలిక. అంకె ఎంత వస్తే అంతే చెబుతుంది, మొహం చూసి తగ్గించదు. మా చుట్టాల్లో ఈ గుణం ఎవరికీ లేదు కాబట్టి చుట్టాలనెవరినీ ఈ పనికి పెట్టడం లేదు.

రెండు. నేను పోతే నా శరీరం డాక్టరు చదువు చదివే పిల్లలకి చెందాలి. ముందు లివరు చూడమని నా మాటగా చెప్పండి. పదో తరగతిలో చదువు మానేసిన నేను కాలేజీలో అడుగుపెట్టడానికి వేరే దారి దొరకలేదు.

మూడు. నా రుచి చెంచా మా మామయ్యకి. అంటే అమ్మ తమ్ముడు, మిల్లు యజమాని. చెంచాతోపాటు దాని కథ కూడా ఆయనకే చెందుతుంది. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మా మిల్లులో ఆకు బలం కొలిచే యంత్రం లేదు. నా నాలుక ఉంది. ప్రతి బ్యాచి దంచి, జల్లించి, బస్తాల్లోకి ఎత్తాక, ఒక్కో బస్తాలోంచి చెంచాడు పొడి నీళ్లలో కలిపి నేను తాగాలి. చెవుల వెనక దాకా చేదు పాకితే ఆ బస్తా పాస్. పాకకపోతే వెనక్కి. చేదెంత ఉంటే బలమంత అని మామయ్య నమ్మకం. ఆ లెక్కన మా అత్తయ్య మాటలు సీసాల్లో పోసి అమ్మొచ్చు.

నాలుగేళ్లు తాగాను. నూట పద్దెనిమిదో బ్యాచికి ఆకు చప్పగా వచ్చింది. మామయ్య కొత్త వ్యాపారి దగ్గర వేరే ఆకు తెప్పించి అందులో కలిపించాడు. చూడ్డానికి అచ్చం మన ఆకే. అదేమి ఆకని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. రుచి చూశాను. అంత నికార్సయిన చేదు నాలుగేళ్లలో ఎరగను. నలభై బస్తాలకి నలభై గ్లాసులు తాగి, చీటీల మీద 'చేదు సరిపోయింది' అని రాసి సంతకం పెట్టాను. ఈ తప్పు చెయ్యడానికి అనుభవం కావాలి. కొత్తవాళ్లయితే ఉమ్మేసేవాళ్లు.

మూడు వారాలకి నా కళ్లు పచ్చబడ్డాయి. మామయ్య పరుగెత్తుకొచ్చాడు. కోడలా, లివరుకి మన పొడిని మించింది లేదు, రెట్టింపు వేసుకో అన్నాడు. అమ్మ తేనెలో కలిపి పెట్టింది. మూడు రోజులు మింగాను. వాదించే ఓపిక లేక కొంత, పనిచేస్తుందేమోనన్న ఆశతో కొంత. ఆ ఆశ గురించి ఇక్కడ అబద్ధం రాయలేను.

మామయ్య దొంగ అయితే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆయన పొద్దున్నే లేచి అదే పొడి చెంచాడు తను వేసుకుని, అప్పుడు మిల్లు తలుపు తీస్తాడు. నమ్మకంతో చేసేవాడితో పెద్ద చిక్కు, ఎక్కడ పట్టుకోవాలో తెలీదు.

నాలుగు. గోదాం రెండో తాళంచెవి సూదక్కకి. అది పోయిందని మామయ్య పది రోజులుగా మిల్లంతా వెతికిస్తున్నాడట. పోలేదు, నా దగ్గరే ఉంది. మొదటి తాళంచెవి కూడా నా దగ్గరే ఉంది. నూట పద్దెనిమిదో బ్యాచి బస్తాలు విప్పి నింపిన డబ్బాల్లో బయటికి పోయినవి కొన్నే, మిగతావన్నీ గోదాంలోనే ఉన్నాయి. అందులో ఏ ఆకు ఉందో పరీక్ష చేసి చెప్పేదాకా ఒక్క డబ్బా కదలకూడదు. పోయిన డబ్బాలు ఎవరింటికి వెళ్లాయో చీటీ తాళంచెవులతోపాటే కట్టి ఉంచాను. సూదక్క అది చూసి ఇప్పటికే ఆరిళ్లకి వెళ్లి తినొద్దని చెప్పి వచ్చింది.

అయిదు. నా కాగితాల కట్ట, నోటుపుస్తకం కూడా సూదక్కకే. పొట్లాలు కట్టడానికి మిల్లుకి పాత పుస్తకాలు తూకానికొచ్చేవి. ఒకసారి డాక్టరు చదువు పుస్తకాలొచ్చాయి. మందు పనిచేసిందో లేదో ఎలా తేల్చాలనే పాఠం ఇరవై రెండు పేజీలు పొట్లాలు కాకుండా కాపాడాను. నిఘంటువు పెట్టుకుని ఎనిమిది నెలలు చదివాను. అందులో నాకర్థమైంది ఇంతే: మందు తిన్నాక తగ్గింది అంటే మందు వల్ల తగ్గింది అని కాదు. తిననివాళ్లకి ఎంత తగ్గిందో కూడా చూడాలి. ఎవరు ఏది తిన్నారో తిన్నవాళ్లకీ, అడిగేవాళ్లకీ తెలియకూడదు.

చేసి చూశాను. మోకాళ్ల నొప్పులవాళ్లు ముప్ఫై మందిని పోగేశాం. మాకు నచ్చినవాళ్లకి పొడి, మిగతావాళ్లకి పిండి అని ఏరలేదు. సూదక్క చీట్లు తీసి సగం మందికి మా పొడి, సగం మందికి రంగు వేసిన బార్లీ పిండి పొట్లాలు కట్టింది. ఏది ఎవరిదో నాకు చెప్పలేదు. ఆరు వారాలయ్యాక పొడి తిన్న పదిహేను మందిలో తొమ్మిది మంది తగ్గిందన్నారు. పిండి తిన్న పదిహేను మందిలో పది మంది. ముప్ఫై మందితో లోకాన్ని తేల్చెయ్యలేమని ఆ పేజీల్లోనే ఉంది. అయినా ఆ ఒక్కడు ఎక్కువ ఉన్నది పిండి వైపు అని గుర్తొచ్చినప్పుడల్లా ఈ మంచం మీద కూడా నవ్వొస్తోంది.

ఆకులన్నీ అబద్ధమని నేనెక్కడా రాయలేదు, నా పేరు చెప్పి ఎవరూ అనకూడదు. వాంతులకి అల్లం మేలు చేస్తుందని కొలిచి చూసినవాళ్లున్నారు. అమ్మ వేసుకోవలసిన సుగరు మాత్ర వంశం కూడా ఒక మొక్క దగ్గరే మొదలైంది. ఆ మొక్కలోని పదార్థం హాని చేస్తోందని కొలిచి తెలుసుకుని పక్కన పెట్టారు, దాని పోలికలో మరొకటి చేశారు, దాన్నీ ఏళ్ల తరబడి కొలిచారు. నా గొడవల్లా కొలవడం గురించే.

ఆరు. నా సైకిలు, మిగిలిన బార్లీ పిండి డబ్బా జల్లెడ బాబాయికి. ఆయన మిల్లులో పొడి జల్లిస్తాడు. ముప్ఫై మందిలో ఆయనొకడు, పిండి తిన్న వైపు. ఆరు వారాల్లో ఆయన మోకాళ్లకి పాతికేళ్ల వయసొచ్చింది, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. తిన్నది బార్లీ అని నేను చెప్పిన రోజునుంచి మళ్లీ కుంటుతున్నాడు. ఆయనకి కోపం మామయ్య మీద కాదు, నా మీద.

"హాయిగా తగ్గిన నొప్పిని పిలుచుకొచ్చి మళ్లీ నా మోకాలికి కట్టావు కదే తల్లీ."

 ఈ సంగతి నా ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా రాసి లేదు. డబ్బా మీద ఈసారి ఏమీ రాయలేదు, బాబాయి తనకి నచ్చిన పేరు రాసుకోవచ్చు.

ఏడు. ఆసుపత్రి మంచం కింద ఉన్న సంచి, అందులోని పదకొండు మందులు, తెచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చెయ్యాలి. నన్ను చూడ్డానికొచ్చినవాళ్లలో ఒట్టి చేతులతో వచ్చినవాళ్లు లేరు. ఎండు వేరు ఒకటి, కషాయం సీసాలు మూడు, మెడలో కట్టుకునే మూలిక ఒకటి, బూడిదలాంటిది ఒకటి, మిగతావి పొట్లాలు. ప్రతిదానితోనూ మా తోడికోడలి తమ్ముడికి తగ్గింది అనే కథ ఒకటి ఉచితం. ఆ తమ్ముడెవరో గాని అతనికి రాని రోగం లేదు, తగ్గని రోగమూ లేదు. అతణ్నొకసారి చూడాలని ఉంది. ప్రేమతోనే తెచ్చారని తెలుసు. ప్రేమకి మోతాదు రాసి ఉండదు.

ఎనిమిది. నా మూతిగుడ్డ, చేతితొడుగులు, నా స్టూలు నా తర్వాత రుచి చూడబోయే పిల్లకి. ఎవరో ఏమో, నాకంటే చిన్నదే అయ్యుంటుంది. తల్లీ, నీ నాలుక బంగారం అని మామయ్య అంటాడు, నాతోనూ అన్నాడు. పొంగిపోకు. ఉమ్మెయ్యి. నాలుకకి చేదు ఒక్కటే తెలుస్తుంది. విషం తెలియదు.

తొమ్మిది. సూది పరీక్షలో ఏం తేలినా సూదక్క దాన్ని మిల్లు గేటు దగ్గర, పని మొదలయ్యే వేళ, అందరి ముందూ చదవాలి. మా పొడే కారణమని తేలితే చదవాలి. పొడికి సంబంధం లేదని తేలినా అదే చోట, అదే గొంతుతో చదివి, మామయ్యని అనవసరంగా అనుమానించానని నా తరఫున చెప్పాలి. ఇంకా తేలలేదు. తేలకముందే ఆకే చంపిందని ఎవరైనా అంటే ఊరుకోవద్దు. ఇంగ్లీషు మందులే చంపాయని ఎవరైనా అంటే అసలే ఊరుకోవద్దు.

పది. ఇది అమ్మ గురించి. మొత్తం వీలునామా ఈ ఒక్క నిబంధన కోసమే మొదలుపెట్టాను.

అమ్మకి సుగరు. నాలుగు నెలల కిందట మాత్రలు మానేసి తమ్ముడి పొడి పట్టుకుంది. దానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి. నాన్న పోయిన రోజున ఆయన మంచం కింద సంచెడు మాత్రలు దొరికాయి, ఆ మాత్రలే మనిషిని తినేశాయని ఆమె లోపల ముద్ర పడిపోయింది. నాన్న వాటిని వేసుకోకుండా దాచాడని, అందుకే సంచి నిండిందని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నా తమ్ముడు నాకు విషం పెడతాడా అంటుంది. పెట్టడు. ఆ మాట నిజమే, చిక్కంతా అక్కడే. పోయిన వారం పరగడుపున ఆమె సుగరు మూడు వందల పన్నెండు. సూదక్క మిషను తనంటే గిట్టక అలా చూపించిందని అమ్మ అభిప్రాయం. వంటింట్లో ఆమె తింటున్న డబ్బా నూట పద్దెనిమిదో బ్యాచిది.

సోమవారం నాకేమైనా అయితే ఆమెతో ఈ పోట్లాట పెట్టుకునే మనిషి ఉండదు. అందుకని ఈ నిబంధన మొదట ఇలా రాశాను: నా పెట్టె, నా బట్టలు, నా గొలుసు, నాన్న ఫొటో, అన్నీ అమ్మకి. అయితే మూడు నెలలు వరసగా మాత్రలు వేసుకున్నట్టు సూదక్క సంతకం చేస్తేనే. లేకపోతే ఫొటోతో సహా అన్నీ మామయ్య మిల్లుకి.

నిన్న మధ్యాహ్నం అమ్మ ఈ కాగితం తీసి, కళ్లజోడు తుడుచుకుని, మొదటినుంచీ చదివింది. రెండుసార్లు నవ్వింది, ఎక్కడో చెప్పను. ఇక్కడికొచ్చాక మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మీ మామయ్య ప్రేమ అని చెప్పి మింగించాడు. నువ్వు చచ్చిపోతానని చెప్పి మింగిస్తున్నావు. నన్ను అడిగిందెవరే?"

 కాగితం మళ్లీ విప్పి అయిదో నిబంధన మీద వేలు పెట్టింది.

"ముప్ఫై మందిని పోగేశావు కదా. నాకు సుగరుందని తెలిసీ నా లెక్క ఎందుకు చూడలేదు?"

మోకాళ్ల నొప్పులవాళ్లనే తీసుకున్నానని చెప్పాను. నిజం అది కాదు. అంకె చూసినా అమ్మ నన్ను కాక తమ్ముణ్నే నమ్ముతుందేమోనని భయపడ్డాను. ఇన్ని పేజీలు చదివిన దాన్ని, ఒక్క లెక్క మాత్రం కట్టకుండా తప్పించుకున్నాను. ఇది ఆమెకి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను, చదువుతుంది.

కాబట్టి మొదట రాసిన షరతు కొట్టేస్తున్నాను. నావన్నీ అమ్మకే, ఏ షరతూ లేకుండా. మాత్రలు వేసుకున్నా, వేసుకోకపోయినా. ఇలా రాయనని నా చెయ్యి మొరాయించింది, దానిచేతే రాయించాను.

ఇవాళ పొద్దున అమ్మ ఒక కొత్త నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. వంటింట్లో డబ్బా సూదక్కకి ఇచ్చేసిందట, వేలు కూడా పొడిపించుకుని వచ్చిందట. మొదటి గీత మీద మూడు వందల నాలుగు అని తన చేత్తో వేసింది. నా ఎదురుగా మాత్ర మింగి, పక్కన టైము రాసింది. తన లెక్క తనే తేల్చుకుంటుందట. ముందు పదిహేను రోజులు మాత్రలు. ఆ తర్వాత పదిహేను రోజులు మాత్రలాపి పొడి, అదీ పాత బ్యాచిది. ఏది గెలిస్తే అది. మాత్రలాపడం ఒప్పుకోనని నేను మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఆ పొడి నువ్వు ఇంటికొచ్చి నీ చేత్తో కొలిచి పెడితేనే తింటాను. ఇంకెవరు పెట్టినా తినను, మీ మామయ్య పెట్టినా సరే. నువ్వొచ్చేదాకా మాత్రలే."

ఆమె వెళ్లాక లెక్క వేసి చూశాను. నేను తిరిగి వెళితే అమ్మ మాత్రలాపే ప్రమాదముంది. తిరిగి వెళ్లకపోతే ఆ ప్రమాదం లేదు. డాక్టరమ్మ చెప్పిన అంకెల్లో ఇది కలవలేదు.

అయినా నాకు తిరిగి వెళ్లాలనే ఉంది. వెళ్లి, ఆ పొడి కొలవనని ఆమె మొహం మీద చెప్పాలి. అప్పుడు మా ఇద్దరికీ జరగబోయే పోట్లాట హక్కు ఎవరికీ రాసివ్వడం లేదు, నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

పైనున్నదంతా నా చేత్తో రాసి, చదువుకుని, సాక్షుల ఎదుట సంతకం పెట్టాను. ఇందులో వాటా ఉన్నవాళ్లెవరూ సాక్షులు కారు.

ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం
శనివారం, పదకొండో తేదీ, సాయంత్రం నాలుగున్నర

సంతకం: చేదుపిల్ల

సాక్షులు:
పగటి డ్యూటీ నర్సు
ఎదురు మంచం పేషంటు కొడుకు, లారీ డ్రైవరు