కార్బన్‌కి బయట నాలుగు

డిసెంబర్ 28, ఆదివారం

నిన్న ఇక్కడ ‘లో బీపీ’ అని రాశాను. తప్పు. డాక్టర్ అన్నాడని రాసేశాను — ‘చూసి రాయండి, విని రాయకండి’ అని ముప్పై ఏళ్ళు పిల్లల చెవుల్లో ఊదిన సైన్సు టీచరమ్మని. కొట్టేయను. తప్పు కనబడుతూ ఉండాలి.

తక్కిందంతా నిజమే. కోడలు కరుణ స్నానానికి వెళ్ళింది. ఎంతకీ రాలేదు. పిలిచాం, పలకలేదు. నా కొడుకు ప్రభాకర్ తలుపుని గడియ ఊడేలా తన్నాడు. నేల మీద పడి ఉంది, నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. ఆస్పత్రిలో కాసేపు ఆక్సిజన్, ఒక సెలైన్. “పండగ పనులు, తిండి సరిగ్గా లేదు, లో బీపీ.” సాయంత్రానికి ఇంట్లో ఉంది.

ఇవాళ వాళ్ళిద్దరూ చర్చికి వెళ్ళాక బాత్రూం కడుగుదామని లేచాను. ఎప్పుడూ లేని చీకటి. తలెత్తి చూస్తే వెంటిలేటర్‌లో థర్మకోల్! క్రిస్మస్‌కి బాలయేసు బొమ్మ కోసం కట్టిన పశువుల పాక పైకప్పు ముక్క — వెండి నక్షత్రాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. నాలుగు వైపులా వెంట్రుకంత సందు లేకుండా కోసి దూర్చారు. అంత నీటుగా కోసేది ఈ ఇంట్లో ఒక్కడే. ఏటేటా ఆ పాక కట్టేది వాడే.

“వెంటిలేటర్లోంచి చలి ఎముకల్లోకి పోతోందిరా” అన్నాను మొన్న. “చూస్తాలే అమ్మా” అన్నాడు నా కొడుకు. చూశాడు.

ఆ వెంటిలేటర్ కిందే గోడకి గ్యాస్ గీజర్.

కార్బన్‌కి ఎలక్ట్రాన్లు ఆరు. కేంద్రకం చుట్టూ లోపల రెండు, బయట నాలుగు. బయట ఎనిమిది అయితే గాని దానికి కుదురు లేదు. ఆక్సిజన్‌కి బయట ఆరు — దానికీ రెండు తక్కువే. గాలి ఆడేచోట మంట పెడితే ఒక కార్బన్ రెండు ఆక్సిజన్లతో కలుస్తుంది, తన నాలుగూ వాటితో పంచుకుంటుంది, అందరికీ ఎనిమిదేసి. మూసిన గదిలో మంటకి ఆక్సిజన్ చాలదు. కార్బన్‌కి ఒక్కటే దొరుకుతుంది. ఆ రెండూ కలిసి మూడు జతలు పంచుకుని గట్టిగా అతుక్కుంటాయి. కార్బన్ దగ్గర ఇంకో జత మాత్రం ఎవరితోనూ పంచుకోకుండా మిగిలిపోతుంది. ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. ఆ మిగిలిన జతతో నెత్తుట్లోని ఇనుముని పట్టుకుంటుంది.

క్లాసులో ఇలా చెప్పేదాన్ని: హిమోగ్లోబిన్ అంటే మన స్టేషన్ దగ్గర సిటీ బస్సు. ఆక్సిజన్ ఎక్కుతుంది, తన స్టాపు రాగానే దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఉందే, అది కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టే రకం. ఇక లేవదు. ఆక్సిజన్ బస్టాపులో నిలబడిపోతుంది.

పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు.

థర్మకోల్ పీకి నా మంచం కింద తోశాను.


డిసెంబర్ 29

— వెంటిలేటర్‌కు పెట్టింది తీసేసినవా అమ్మా?

— ఊపిరాడట్లేదు.

— చలి అన్నవ్ కదా!

— ఇప్పుడు అనట్లేదు.

— నీతోని పెద్ద పరేషాన్.

గీజర్ వాల్వు కట్టేశాను. గ్యాస్ దండగ, ఇక నీళ్ళు పొయ్యి మీదే అన్నాను. చిక్కుడుకాయలు తుంచుతున్న కరుణ కిలకిలా నవ్వింది. “గీజర్‌తోని మీకేం పగ అత్తమ్మా? దాంట్ల సుత పరమాణువులే ఉన్నయా?” ఉన్నాయన్నాను. “మళ్ళ షురూ! కార్బన్ — లోపట రెండు, బయట నాలుగు. మీరు చెప్పి చెప్పి నా చెవులకు తూట్లు పడ్డయ్.” కామర్స్ చదివిన పిల్ల. నా క్లాసులో ఒక్కరోజు కూర్చోలేదు. కూరగాయలు తరుగుతూనే మొత్తం నేర్చేసింది, నన్ను వెక్కిరించడానికి.

మనిషి బాగుంది. నవ్వుతోంది, నాకు ఎదురు చెబుతోంది. వాడి చేతులతో వాడే... ఆ మాట వాడి నెత్తిన ఎందుకు పెట్టడం? చెప్పను.


జనవరి 1

చర్చిలో కరుణ పాట ఎత్తుకుంది. గొంతు ఎప్పటిలాగే పైకి. నాది ఎప్పటిలాగే శ్రుతికి బయట.


జనవరి 12

టీలో ఉప్పు వేసింది. “మీ సీతాఫల్‌మండిలో ఇదేనా మర్యాద?” అన్నాను. పుట్టింటిని అంటే పులిలా లేస్తుంది కదా, లేస్తుందని చూశాను. లేవలేదు. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఉప్పుకి భయపడలేదు నేను.


జనవరి 15

ఆఫీసు చీర కట్టుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఎండ కాళ్ళ మీదికి వచ్చింది, కదలదు. ఏమిటే అంటే చెప్పుల వైపు చూసి — “ఏది ఏ కాలికి?”

హాస్యం అనుకుని నవ్వబోయాను. మొహంలో ఏమీ లేదు. తుడిచిన బోర్డు.


జనవరి 17

హాస్టల్ నుంచి మనవరాలు జాయ్ ఫోన్. “నానమ్మా, ఏందీ ఇది... మమ్మీకి చేస్తే, ఎవరు మాట్లాడేది అంటున్నది.” ఏడుపు. నిద్రమత్తులో ఉంది అన్నాను. అబద్ధం నున్నగా వచ్చింది.


జనవరి 18, ఆదివారం

పాస్టర్‌గారు ప్రార్థనకి వచ్చారు. వెంట నలుగురు చర్చి అక్కయ్యలు. ఇంట్లో ఏదో భారం ఉందట. చిలకలగూడ అక్కయ్య వంటింట్లో గుసగుస — “అత్తగారి నోటికి ఆ పిల్ల మనసు విరిగిపోయుంటది.” నా నోట్లో విషముందని ఈ ఇంట్లో మొదటి నుంచీ ఉన్న మాటే. ఇప్పుడు పరీక్షచేసి ఖాయం చేశారు.

కరుణ మధ్యలో కూర్చుంది. ఆమెన్ అనాల్సిన చోట అనలేదు. బట్టలు తడిపేసుకుంది. అక్కయ్యలు చూడకుండా దుప్పటి కప్పాను.

ఆనాటిదేనా ఇది? ఎలా? ఎంత మొండి వాయువైనా ఆక్సిజన్ పెడితే గంటల్లో సీటు ఖాళీ చేస్తుంది. దిగిపోయి వారాలైంది. దిగినవాడు బస్సుని ఎలా పాడుచేస్తాడు?

నాకు పరమాణువు తెలుసు. మెదడు తెలియదు.


జనవరి 20

మెదడు డాక్టర్ చిన్నపిల్ల, జాయ్ కంటే కొంచెం పెద్ద. స్కాన్ లైటుకి పెట్టింది. లోపల రెండు పక్కలా తెల్లటి మచ్చలు. “ముందు బాగైపోయి, కొన్ని వారాల తర్వాత ఇలా కావడం... ఆ రోజు బాత్రూంలో పడ్డారన్నారు కదా. లోపల గ్యాస్ గీజర్ ఉందా?”

ప్రభాకర్ వెంటనే — “ఉంది మేడమ్. కానీ వెంటిలేటర్ సుత ఉంది.”

“తెరిచే ఉందా?”

“తెరిచే...” ఆగిపోయాడు. నాకేసి చూశాడు.

“మూసి ఉంది” అన్నాను. “థర్మకోల్‌తో. మర్నాడు నేనే తీశాను.”

ఎవరు మూశారని ఆ పిల్ల అడగలేదు. కార్బన్ మోనాక్సైడ్ అని రాసుకుంది. నేను ‘లో బీపీ’ రాసుకున్నట్టే, అంత తేలిగ్గా.

“తగ్గుతదా మేడమ్?” అన్నాడు వాడు.

“కొందరు తిరిగొస్తారు. నెలలు పట్టొచ్చు. కొందరు... ఇప్పుడే చెప్పలేను.”

ఆటోలో ముగ్గురం. కరుణ మధ్యలో, రోడ్డు చూస్తూ. వాడు తన అరచేతులు చూసుకుంటూ.


జనవరి 21

వాడు అన్నం ముట్టలేదు.

— నీకు ఎప్పటిసంది తెలుసు అమ్మా?

— మర్నాటి నుంచి.

— నాకెందుకు చెప్పలే?

— చెబితే ఏం చేసేవాడివి? కుమిలిపోయేవాడివి.

— మంచి ఆస్పత్రికి తీస్కపోయేటోణ్ణి. ఆ రోజే.

ఆ రోజే తీసుకుపోతే ఈ మచ్చలు పడకపోయేవా అని డాక్టర్‌ని అడగొచ్చు. అడగలేదు. అడగనేమో కూడా.

నా మంచం కింద నుంచి ఆ ముక్క తీసుకున్నాడు. వరండాలో కూర్చుని నక్షత్రాలు ఒక్కొక్కటే గోటితో గీకాడు.


జనవరి 24

స్నానం నేనే చేయిస్తున్నాను. తలుపు బార్లా తెరిచి. నీళ్ళు మరీ వేడిగా పడ్డాయి ఇవాళ — నా చేతికి చురుక్కుమంది, ఆమె కిక్కురుమనలేదు. ఇదివరకు నా సాంబారు చల్లారిందని వీధికి వినబడేలా చెప్పిన మనిషి.

ప్రభాకర్ గదిలోకి వస్తాడు, ఆమె జుట్టు సర్దుతాడు, వెళ్ళిపోతాడు. నాతో ‘ఊ’, ‘ఊహూ’. అంతే.


జనవరి 27

తెలిసిన పని ఏదైనా చేయిస్తూ ఉండమంది డాక్టర్. చిక్కుడుకాయలు ఇస్తే ఒకటే పట్టుకుని కూర్చుంటుంది. చీర మడత సగంలో మర్చిపోతుంది.

క్లాసులో వాడిన పాత సామాను తీశాను — సుద్దముక్క, చింతగింజలు. నేల మీద రెండు వలయాలు గీశాను, ఒకదానిలో ఒకటి. నడుమ కేంద్రకానికి ఒక గవ్వ. “కరుణా, కార్బన్ పెట్టవే.” ఆరు గింజలు చేతిలో పోశాను.

చాలాసేపు చూసింది. నేను వంకరగా ఏమీ అనలేదు, నోరు కట్టేసుకున్నాను. లోపలి వలయంలో ఒకటి పెట్టింది. ఇంకోటి. చెయ్యి ఆగింది... మెల్లగా బయటి వలయం మీదికి వచ్చింది. ఒకటి. రెండు. మూడు.

నాలుగోది గుప్పిట్లో ఉండిపోయింది.

“అదీ పెట్టు.”

“ఇయ్య.”

“కార్బన్‌కి ఎనిమిది నిండాలంటే ముందు తన నాలుగూ ఉండాలి కదా.”

“ఇయ్యనన్న కదా అత్తమ్మా.”

గుమ్మంలో ప్రభాకర్. ఎప్పుడొచ్చాడో. “ఏమన్నది?” అన్నాడు. వారం తర్వాత నాతో ఒక పూర్తి మాట.

ఎదురు చెప్పిందిరా అన్నాను.

నిజమేనా? ఎవరో అన్న మాట నోట్లోంచి ఊరికే దొర్లిందా? ‘అత్తమ్మా’ అన్నది నన్ను గుర్తుపట్టా, అలవాటుగానా? మళ్ళీ అడిగాం, ఇద్దరం. గోడ వైపు తిరిగి కూర్చుంది.


జనవరి 31

నాలుగు రోజులుగా మాట లేదు. గింజ ఇంకా ఆ గుప్పిట్లోనే. నిద్రలో కూడా.

సోమవారం చేయాల్సినవి. ప్లంబర్ని పిలవాలి. సిలిండర్ కట్టేశాకే గీజర్ మీద చెయ్యి వేయనివ్వాలి. విప్పాక పాత సామాను వాడికి అలాగే ఇవ్వొద్దు — ఎవరో కొని ఇంకో బాత్రూంలో తగిలిస్తారు. కళ్ళ ముందే పైపులు నలగ్గొట్టించి అప్పుడు ఇవ్వాలి. థర్మకోల్ చెత్త బండికే, కాల్చొద్దు. అందులో ఉన్నదీ కార్బనే. ఆ ముక్క పారేయమని ప్రభాకర్‌కి చెప్పొద్దు, నేనే పట్టుకెళ్ళి వేయాలి. రాంగోపాల్‌పేటలో లోతైన ఇత్తడి చెంబు ఒకటి తేవాలి. వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, ముందు నా మోచేతి మీద పోసుకుని చూడాలి. ఆమె చెప్పదు.

చేతులు కడిగేటప్పుడు గుప్పిట విప్పించొద్దు.