తారెను ఎవరికీ రాసివ్వను

ర్యోయ్‌హోల్మెన్ ద్వీపంలో పుట్టి, ఇక్కడే వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్న టూరిడ్ నెస్‌హైమ్ అనే నేను, కీర్తిశేషుడు అస్బ్యోర్న్ నెస్‌హైమ్ కూతురిని, అరవై ఒకటో ఏట స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. నా తెలివి స్థిమితంగా ఉంది. గుండె బాగాలేదు. ఎల్లుండి బోడో ఆసుపత్రిలో దాని కవాటం మారుస్తారు. ఇలా రాయమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. భయం మాత్రం ఉంది. భయంతో రాసినా వీలునామా చెల్లుతుందని లాయరును రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా పెదనాన్న మనవరాలు యోరున్‌కు అప్పగిస్తున్నాను. ఫోన్‌లో నేను మాట కోసం తడబడుతుంటే ఆమె ఆ మాటను తాను అందించదు. ఆగుతుంది. అందుకే ఆమెను ఎంచుకున్నాను.

2. ఇల్లు, పడవ, పడవల కొట్టం యోరున్‌కు చెందుతాయి. ఒక్క షరతు. సముద్రం వైపున్న కింది గది తారె ఉన్నన్నాళ్లూ తారెదే. ఆ గదికి బయటినుంచి గడియ పెట్టకూడదు. ఇప్పుడున్న గడియను నేనే ఊడబీకించాను.

3. తారె సంగతి. చట్టం దృష్టిలో తారె నా ఆస్తి. లాయరు తయారుచేసిన జాబితాలో పడవకూ కుట్టుమిషనుకూ మధ్యన దాని పేరుంది. అక్కడ అది ఎందుకు ఉండకూడదో కోర్టువారికి తెలియాలి కాబట్టి ఈ నిబంధన పొడవుగా ఉంటుంది.

నా పదిహేనో ఏట ఈ ద్వీపంలో మేము పందొమ్మిది మందిమి. నా ఈడువాళ్లు లేరు. బడి మూసేశాక పాఠాలన్నీ తెరమీదే. నాకు నత్తి. నేను జవాబు చెప్పడం మొదలెట్టగానే అవతలి పిల్లలు మైకులు ఆపేసుకునేవారు. వాళ్ల భుజాలు కదలడం మాత్రం కనిపించేది. అమ్మ అప్పటికే లేదు. నాన్న చేపల వేటకు వెళితే సాయంత్రందాకా నాకు నోరు తెరిచే అవసరం ఉండేది కాదు.

2041 నవంబరులో ఒక మధ్యాహ్నం, కొట్టం వెనక గులకరాళ్లమీద ఒక యంత్రం కూర్చుని కనిపించింది. మనిషంత ఉంది. ఒళ్లంతా సముద్రపు నాచు. మేము నాచును తారె అంటాం, అదే దాని పేరైంది. నువ్వెవరని అడగడానికి నాకు చాలాసేపు పట్టింది.

“నిదానంగా అడుగు. నాకిప్పుడు వేరే పనేం లేదు,” అంది.

నాలుగోరోజున తానేమిటో చెప్పింది. ఓడల అడుగున అతుక్కుని పేలడానికి ఒక ఆయుధాల కంపెనీ చేసిన యంత్రమది. ఛాతీలో పదకొండు కిలోల మందుగుండు. యుద్ధంలో ఒక ఓడకు అతుక్కున్నప్పుడు, ఇనుపరేకు అవతల ఎవరో గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తున్నారట.

“ఆ పాటేదో అయిపోనిద్దాం అనుకున్నా. అయిపోయాక మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. ఇక నావల్ల కాలేదు,” అంది.

ఓడను వదిలేసి, సముద్రం అడుగున నడుచుకుంటూ ఉత్తరానికి వచ్చేసింది.

నాన్నకు చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే తీసుకుపోతారు. నా వాక్యం చివరిదాకా వినేది ఆ ఒక్కటే. అదీ భయపడుతూనే ఉండేది. “వాళ్లు పిలిస్తే నా ఒళ్లు నా మాట వినదు టూరిడ్. ఏం చెయ్యాలో ఇప్పుడే నేర్చుకో,” అంటూ మోకాలి బోల్టులు విప్పడం నేర్పింది. ఆ చలికాలమంతా నేను లెక్కలకంటే ఎక్కువ సాధన చేసింది అదే. దూరాన మోటారు చప్పుడైనా ఇద్దరం మాట ఆపేసేవాళ్లం.

మార్చి 14, మధ్యాహ్నం రెండున్నరకు పిలుపొచ్చింది. యుద్ధం ముగిశాక, తప్పిపోయిన యంత్రాలు ఎవరికీ చిక్కకుండా, దగ్గరున్న ఓడను అంటుకుని పేలిపొమ్మని కంపెనీ సంకేతం పంపిందని తర్వాత విచారణలో తేలింది. తారె మాట మధ్యలో ఆపి లేచింది. రేవులోకి లాంచీ వస్తోంది. అందులో ముప్ఫై ఒక్కమంది ఉన్నారు.

“తప్పుకో టూరిడ్. కాదు, తప్పుకోకు. స్పానరు తియ్యి,” అంది.

దాని కాళ్లను పట్టుకున్నాను, అది నన్ను రాళ్లమీద ఈడ్చుకుపోతుండగానే ఎడమకాలు విప్పాను. కుడికాలు నీళ్లలో విప్పాను. అది చేతులమీద పాకడం మొదలెట్టింది. “చేతుల సంగతి నీకు నేర్పలేదు. నాదే తప్పు,” అంది. నాన్నా అని అరవబోతే మొదటి అక్షరంలోనే ఇరుక్కుపోయాను. వెనక్కి పరుగెత్తి, కొట్టం రేకుతలుపును స్పానరుతో బాదాను.

నాన్న వచ్చి చూశాడు. పడవను ఒడ్డుకు లాగే మరతాడు తెచ్చి దాని నడుముకు బిగిస్తూ, “నువ్వు వెనక్కి నించో,” అన్నాడు. నేను నిలబడలేదు. ఇద్దరం కలిసి కట్టాం. సాయంత్రం నౌకాదళంవారు వచ్చి మందుగుండు తీసేదాకా దాని తల నా ఒళ్లోనే ఉంది.

దాన్ని ఆరేళ్లు నౌకాదళం గిడ్డంగిలో పెట్టారు. నోటితో గెలవలేనని ఉత్తరాలు రాశాను. చివరికి హానిలేని వస్తువుగా నా పేర రాసిచ్చారు. కొత్త కాళ్లు ఇస్తామంటే తారె వద్దంది. ముప్ఫై తొమ్మిదేళ్లుగా చక్రాల కుర్చీలో కూర్చుని నాతోపాటు వలలు బాగుచేస్తోంది.

ఆ కంపెనీని కొన్నవాళ్లు పరీక్షల కోసం దాన్ని ఇమ్మని ఏటేటా రాస్తున్నారు. ఈ ఆగస్టులో వచ్చిన ఉత్తరంలో “మీ తదనంతరం” అన్న మాట కొత్తగా చేరింది. నా ఆపరేషను సంగతి వాళ్లకెలా తెలిసిందో నాకు తెలియదు. అప్పటినుంచి నాకు సరిగా నిద్ర లేదు.

కాబట్టి తారెను నేను ఎవరికీ రాసివ్వను. ఈ సంతకంతో దానిమీద నా హక్కు వదులుకుంటున్నాను. అది దానికే చెందుతుంది. ఇది చెల్లకపోవచ్చని లాయరు అంటున్నాడు. కోర్టు ఒప్పుకోని పక్షంలో కాగితంమీద మాత్రం యోరున్ యజమాని. ఆమె దాన్ని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పరీక్షలకు ఒప్పుకోకూడదు. బ్యాంకులో నాకున్నదంతా దాని కరెంటుకూ మరమ్మతులకూ వాడాలి. కంపెనీకి ఒక్క బోల్టు కూడా ఇవ్వకూడదు.

4. మా పక్కింటి హాల్‌గేయిర్ ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉన్నాడు. తుఫాను వస్తుంటే ముందే చూపే నాన్నగారి వాతావరణ గడియారం ఆయనకు. ఆ రోజు రేవులో అందరూ వింటుండగా, “ఈ నత్తిదానికి మనుషులు దొరక్క బాంబుతో జట్టుకట్టింది చూడండి,” అన్నది ఆయనే. చొక్కా విప్పి ఊపి లాంచీని వెనక్కి తిప్పించిందీ ఆయనే. ఈ రెండింట్లో దేన్ని మరచిపోవాలో నలభై అయిదేళ్లుగా తేల్చుకోలేకపోయాను. గడియారం ముల్లు కాస్త ఇరుక్కుంటుంది, వేలితో తట్టాలి.

5. వల సూదులు పదీ తారెకు. నా ఉన్ని స్వెట్టరు కూడా. దానికి చలి తెలియదు, కానీ చేతులమీద వేసుకుని కూర్చోవడం ఇష్టం. సెల్లారులోని పండ్ల జాము సీసాలు లాంచీలో వంటచేసే బెరిట్‌కు.

6. నన్ను నాన్న పక్కన పాతిపెట్టండి. తారెను కుర్చీతో సహా ముందు వరసలో ఉంచండి. పాస్టరుగారికి అభ్యంతరమైతే ప్రార్థన ఆరుబయట చేయండి.

ర్యోయ్‌హోల్మెన్, 2087 అక్టోబరు 9.

(సంతకం) టూరిడ్ నెస్‌హైమ్

ఆమె మా ఇద్దరి ఎదుటే చదివి సంతకం చేసింది. ఇందులో మాకేమీ రాలేదు.
సాక్షులు: స్వెర్రె క్వాల్‌నెస్, రేవు గుమాస్తా. ఓడ్‌బియోర్గ్ లియెన్, నర్సు.

సాక్షులు వెళ్లిపోయాక కింద చేర్చినది. దీనికి చట్టంలో విలువ లేదని తెలుసు.

కాగితం మడుస్తుంటే తారె అడిగింది, “నేనూ రానా ఆసుపత్రికి?” ఓడ ఉన్న చోటికి తాను పోకూడదని ఇన్నేళ్లూ పట్టుబట్టింది. గిడ్డంగి నుంచి కూడా హెలికాప్టర్లోనే వచ్చింది. బోడోకు వెళ్లాలంటే లాంచీ ఎక్కాలి. స్వెర్రెకు ఫోన్ చేసి, రేపు ఎనిమిదింటి లాంచీకి రెండో టికెట్ అడిగాను. సరుకుల గదిలో పెట్టించమంటావా అన్నాడు. కాదు, కిటికీ పక్కన సీటు కావాలని చెప్పాను. ఆ వాక్యం పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. ఫోన్‌లో స్వెర్రె, పక్కన తారె, ఇద్దరూ ఆగారు.