మరియకు రొయ్యల చెరువు గేర్‌బాక్స్

2 సెప్టెంబరు 1995, శనివారం

భీమవరంలో వినాయకుడి సెట్టింగ్ చూసొచ్చాను. కలర్ పెన్సిళ్లు కొనుక్కోవాలని అమ్మకి చెప్పి వెళ్లాను. అవీ కొన్నాను కాబట్టి పూర్తి అబద్ధం కాదు.

అందులో ఏనుగు బొమ్మ చెవులు విసురుతోంది, తొండం ఎత్తుతోంది. జనమంతా ముందు నిలబడి చూస్తుంటే నేను టార్పాలిన్ ఎత్తి వెనక్కి దూరాను. లారీ వైపర్ మోటారు, సైకిల్ చైను, ప్లైవుడ్ చక్రం. ఆ చక్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. గుడ్డు మొన తాడు దగ్గరికి వచ్చినప్పుడల్లా తాడు లాగుతుంది, చెవి లేస్తుంది. ఇంతేనా అని నీరసపడాలి కదా! నాకు ఒళ్లు పులకరించింది.

సెట్టింగ్ కట్టిన రాజమండ్రి సత్తిరాజు గారికి దొరికిపోయాను. ఎవరమ్మా నువ్వు, వెనకాల నీకేం పని అన్నారు. స్కూల్లో డ్రాయింగ్ టీచర్నండి అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా, చెవి విసిరేముందు కాస్త ఆగితే ఏనుగు ఆలోచిస్తున్నట్టు ఉంటుందేమోనండి అని సలహా కూడా పారేశాను. ఆగిందంటే పాడైపోయిందనుకుని జనం వెళ్లిపోతారమ్మా, బొమ్మని ఆపకూడదు అన్నారు. విసుక్కుంటూనే ఒక పాత చెక్క గుడ్డు చేతిలో పెట్టి పంపారు.

5 సెప్టెంబరు

టీచర్స్ డే. పిల్లలు గులాబీలిచ్చారు. నా మనసంతా చెక్క గుడ్డు మీదే ఉంది.

17 సెప్టెంబరు, ఆదివారం

వీసీఆర్ అద్దెకి తెచ్చాను. కేసెట్ పాత కార్టూన్లది, చేత్తో గీసిన కాలం నాటిది. అమ్మ దృష్టిలో ఇది పిల్లల వ్యవహారం. ఇరవై ఏడేళ్లొచ్చి ఇదేం పిచ్చే రూతూ అంటుంది.

పాజ్ నొక్కుతూ, ఒక్కో బొమ్మనీ ట్రేసింగ్ పేపర్ మీద దింపుకున్నాను. ఇవాళ ఒకటి కనిపెట్టాను. తల ఇటు నుంచి అటు తిరిగేటప్పుడు తిన్నగా తిరగదు, మధ్యలో కిందికి వంగి మళ్లీ లేస్తుంది. నిజమేనా అని అమ్మని పిలిచాను. ఏంటే అంటూ తిరిగింది. వంగింది! మళ్లీ పిలిచాను. మూడోసారి గరిటె చూపించింది.

8 అక్టోబరు

రాజమండ్రిలో పేవ్‌మెంట్ మీద దొరికిన ఇంగ్లీషు మేగజైన్ చినిగిపోయేదాకా చదివాను. కార్టూన్ బొమ్మల గీత అద్దంలాంటి షీటు మీద ముందువైపు గీస్తారట, రంగు వెనకవైపు వేస్తారట. ఆ షీటు ఇక్కడెక్కడ దొరుకుతుంది? పాత ఎక్స్‌రేలు తెచ్చి బట్టల సోడా నీళ్లలో కడిగాను. ఎవరివో పక్కటెముకలు కరిగి పోయాయి, నీలం చాయ మాత్రం పోలేదు. ఏ బొమ్మ వేసినా సాయంత్రం అయినట్టే ఉంది. ఆరాక రంగు పెచ్చులూడింది. అయినా భలే ఉంది.

అదే మేగజైన్‌లో ఒక పార్కు గురించి కూడా ఉంది. పడవలో కూర్చుంటే రెండు పక్కలా బొమ్మలు పాడతాయట. ఫొటోలో ఒక పెద్దాయన బొమ్మ తల ఒళ్లో పెట్టుకుని కనుబొమలు దిద్దుతున్నాడు. నేను పడవ ఎక్కక్కర్లేదు. ఆయన పక్కన ఒక స్టూలు వేస్తే చాలు.

12 నవంబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘం పెద్దల ముందు నోరు విప్పాను. ఈ క్రిస్మస్‌కి పశువుల పాకలో మరియ కదులుతుంది, బిడ్డ వైపు తల వంచి చూస్తుంది అన్నాను.

సంఘ పెద్ద దేవసహాయం గారు కుర్చీలోంచి సగం లేచారు. మరియకి బొమ్మ పెడితే మనకీ ఆర్సీఎం కేథలిక్కులకీ తేడా ఏముందమ్మా అన్నారు. పాస్టరు అయ్యగారు మధ్యలో పడి ఒక్క సాయంత్రం చూద్దామండి అన్నారు. చివరికి షరతు తేలింది: జనం నవ్వినా తీసేయాలి, జనం దండం పెట్టినా తీసేయాలి. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు.

నవ్వకూడదు, మొక్కకూడదు. మరేం చెయ్యాలి జనం?

19 నవంబరు

తల తయారైంది. మేగజైన్‌లో రబ్బరు చర్మం అని ఉంది. అమ్మ దగ్గర అంతకంటే మంచిది ఉంది. చేటలకి పూసే కాగితపు గుజ్జు, మెంతులు వేసి రుబ్బింది. వద్దు వద్దంటూనే ముక్కు తనే దిద్దింది. మా మరియకి అమ్మమ్మ ముక్కు వచ్చింది. దగ్గరికి వెళితే మెంతుల వాసన.

26 నవంబరు

తల నెమ్మదిగా కదలాలంటే గేర్‌బాక్స్ కావాలి. మన ప్రాంతంలో గేర్‌బాక్స్ అంటే ఏరియేటర్‌దే, చెరువులో చక్రాలు తిప్పి నీళ్లు చిమ్మేది. మా పెరట్లో గోనెపట్టా కింద ఒకటుంది.

నాన్న రొయ్యల చెరువు మీద సూపర్‌వైజరు. కిందటేడు తెగులొచ్చి చెరువంతా తెల్లమచ్చలతో తేలింది. ఓనరు గారు ఏరియేటర్ని మా పెరట్లో వదిలేసి వెళ్లిపోయారు. అప్పట్నుంచి నాన్న ఏ మెషినూ ముట్టుకోలేదు. ఇంట్లో ఫ్యాన్ ఆగినా తల ఎత్తడు.

గేర్‌బాక్స్ విప్పుకోనా నాన్నా అని అడిగాను. నీ ఇష్టం అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. వద్దన్నా బావుండేది. ఏడుపొచ్చింది, అయినా విప్పాను.

3 డిసెంబరు

సైకిల్ షాపు బుల్లబ్బాయి గేర్‌బాక్స్‌కి అమ్మ కుట్టుమిషను మోటారు తగిలించాడు. అక్కణ్నుంచి చైను, పెడలుతో సహా పాత సైకిల్ పళ్లచక్రం, చివర నేను కోసిన చెక్క గుడ్డు. గుడ్డుకి ఒకవైపు చదును చేశాను. అక్కడ మరియ తల వంచి ఆగుతుంది. నా పందెమంతా ఆ ఆగడం మీదే.

17 డిసెంబరు, ఆదివారం

ట్రయల్. సండేస్కూలు పిల్లల ముందు. మరియ వంగింది, బిడ్డని చూసింది, ఆగింది. ఆగిపోయిందర్రోయ్ అని ఒకడు అరిచాడు. అందరూ పకపకా నవ్వారు. సత్తిరాజు గారు చెప్పనే చెప్పారు.

నాలుగైదుసార్లు చూశాక నాకే అర్థమైంది. ప్రతిసారీ అంతే వంగడం, అంతే ఆగడం. రెండోసారికే మెషిన్ అని తెలిసిపోతోంది.

24 డిసెంబరు, మధ్యాహ్నం

చదును చెక్క తీసేసి మామూలు గుడ్డు పెట్టాను. ఆగదు, ఊగుతూనే ఉంటుంది. కనీసం జనం నవ్వకుండా ఉంటారు. పిరికిదాన్ని.

25 డిసెంబరు

నిన్న రాయడానికి చేతులాడలేదు.

ఏడింటికి తెర తీశాం. మరియ అమ్మ పాత నేతచీర కట్టుకుని ఊగుతోంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ మొక్కలేదు, ఎవరూ పెద్దగా చూడనూ లేదు. దేవసహాయం గారు కండువా సర్దుకుంటున్నారు. నాన్న వెనక బెంచీ మీద, అమ్మ పోరు పడలేక వచ్చి కూర్చున్నాడు.

కరెంటు పోయింది.

చెరువు మీద కరెంటు పోతే రొయ్యకి ఊపిరాడదు. నిద్రలో ఉన్నా లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాలి. నాన్నకి అది ఒంట్లో ఇంకిపోయింది. ఎక్కడున్నాడో, ఏం జరుగుతోందో చూసుకోలేదు. చీకట్లో బెంచీలు గుద్దుకుంటూ తెర వెనక్కి పరిగెత్తాడు. అక్కడ జనరేటర్ ఎక్కడిది? తన గేర్‌బాక్సే ఉంది.

నాకు అవేవీ తెలియవు. నేను కొవ్వొత్తి వెలిగించే హడావుడిలో ఉన్నాను. వెలుగు పడేసరికి మరియ కదులుతోంది! కరెంటు వచ్చిందనుకున్నాను. పాక మీది నక్షత్రం లైటు ఆరిపోయే ఉంది. గేరు చైను ఊడదీసి, నాన్న పెడలు పట్టుకుని చేత్తో తిప్పుతున్నాడు.

మరియ కొంచెం వంగింది. ఎందుకో ఆగింది. మళ్లీ వంగి బిడ్డని చూసింది. చాలాసేపు చూసింది. ఎవరూ ఆగిపోయిందనలేదు. తల ఎత్తబోయి, ఎత్తలేక మళ్లీ చూసింది. ఒకసారి చేసినట్టు ఇంకోసారి చేయలేదు.

నేను జనం వైపు తిరిగి చూశాను. ముందు వరస ఆడవాళ్ల తలలు వంగి ఉన్నాయి. మరియ ఎటు వంగితే అటు. పిల్లలవీ అంతే. దేవసహాయం గారి తల కూడా ఓ పక్కకి ఒరిగి ఉంది, ఆయనకి తెలియదు.

కరెంటొచ్చాక మోటారు పెట్టమని ఎవరూ అడగలేదు. ఆరాధన ముగిసేదాకా నాన్న బయటికి రాలేదు. వచ్చాక చొక్కా అంతా చెమట, చేతులకి గ్రీజు. అందరి ముందూ ఆ చేతులు పట్టుకున్నాను.

కొత్త సంవత్సరం దాకా ఉంచండమ్మా అన్నారు దేవసహాయం గారు.

27 డిసెంబరు

పొద్దున్నే నాన్న అడిగాడు, మరియ రెప్ప వేయగలదా అని. ఏమో అన్నాను. ఇద్దరం గోడ మీది అద్దం దింపి, దాని ముందు కూర్చుని రెప్పలు వేస్తూ ఉండిపోయాం. అమ్మ చూసి, పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయిస్తానంటోంది.