రెండో పొయ్యి కాలమ్

కొత్తపేట

చిరంజీవి తేజకు మావయ్య గంగాధరరావు ఆశీస్సులు.

ఫోను మీ అత్తయ్య దగ్గర ఉంది, అందుకే ఉత్తరం. మా అమ్మాయి దుర్గాశ్రీ పెళ్ళి పిలుపులకి నువ్వు ఆ ఫోన్లో చేసిపెట్టిన ప్రోగ్రాము బాగుంది. ఇంటికొక వరస. కానీ మనం పిలిచేది ఇంటిని కాదు, పొయ్యిని. పలివెలలో మీ అత్తయ్య తమ్ముళ్ళు విశ్వనాథం, సత్యమూర్తి ఒకే ఇంట్లో రెండు పొయ్యిల మీద వండుకుంటున్నారు. పైకి మాత్రం ఉమ్మడే. రెండో పొయ్యికి ఒక కాలమ్ చేర్చు.

ఉంటాను,
గంగాధరరావు

తా.క. పెళ్ళికూతుర్ని బుట్టలో మోసే మేనమామలు వాళ్ళే. ఒకరికి పిలుపు తగ్గితే బుట్ట ఒరుగుతుంది.

హైదరాబాదు

మావయ్యగారికి నమస్కారాలు.

కాలమ్ వద్దండి. ఇవాళ రెండో పొయ్యి, రేపు మూడోది. మిగతా ఇళ్ళన్నిటికీ ఖాళీ గడులు మిగులుతాయి. ఇళ్ళు ఒక టేబుల్‌లో, పొయ్యిలు వేరే టేబుల్‌లో పెడదాం. ఇంటి నంబరు రెండింటినీ కలుపుతుంది. వాళ్ళిద్దర్నీ విడివిడిగా రాసెయ్యండి.

మీ మేనల్లుడు,
తేజ

తా.క. ఇక ఎన్ని పొయ్యిలు వెలిగినా ఇబ్బంది ఉండదు.

కొత్తపేట

చి. తేజకు,

ఇబ్బంది వచ్చింది. అడగకుండా అన్నదమ్ముల్ని వేరుగా రాయడం మర్యాద కాదని పలివెల వెళ్ళి అడిగాను. విశ్వనాథం లేచి నిలబడ్డాడు.

"ఏవండీ బావగారూ, మేం వేరుపడిపోయేవని హైదరాబాదులో ఎక్కించేసేరా అండీ? వేరుపడ్డవాళ్ళం బుట్ట మాత్రం కలిసెందుకు మొయ్యాలండీ?"

"ఆయ్, అంతేనండి" అన్నాడు సత్యమూర్తి. ఈమధ్య కాలంలో వాళ్ళిద్దరూ ఏకమైంది ఆ మాట దగ్గరే.

వెంటనే కాలమ్ పెట్టు, ఒకే వరసలో ఉంటే ఉమ్మడిగానే కనిపిస్తారు. బుట్ట మొయ్యడానికి మనుషులు లేరు.

దిగులుతో,
గంగాధరరావు

తా.క. కాఫీ రెండు పొయ్యిల మీంచీ వచ్చింది. రెండూ తాగాను.

హైదరాబాదు

మావయ్యగారికి నమస్కారాలు.

వేరుపడింది ఫోన్లోనండీ, పలివెలలో కాదు! సరే, "రెండో పొయ్యి" కాలమ్ పెట్టేశాను.

తేజ

తా.క. మిగతా ఇళ్ళకి ఆ గడి ఖాళీగానే ఉండాలి. అత్తయ్యగారికి తప్పకుండా చెప్పండి.

కొత్తపేట

చి. తేజకు,

నీ ఉత్తరం అందేసరికే మీ అత్తయ్య కనకదుర్గ పిలుపులు మొదలెట్టేసింది. ఖాళీ గడి కనిపిస్తే ఆమెకి తోచదు. ఇంటింటికీ ఫోన్ చేసి, "వదినగారూ, మీ ఇంట్లో రెండో పొయ్యి ఎవరిదండీ?" అని అడిగింది. అప్పటిదాకా ఆ ఆలోచనే లేని కోడళ్ళకి ఆలోచన వచ్చింది. కాట్రేనికోనలో, ఆలమూరులో కొత్త పొయ్యిలు వెలిగాయి. వెనకబడకూడదని ఒంటరి వీరమ్మగారు కూడా పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి రాయించుకున్నారు.

ఈ గోలంతా తమవల్లే వచ్చిందన్న మాట పడలేక పలివెల వాళ్ళు వంటలు కలిపేసుకున్నారు. నిన్న ఇద్దరూ కలిసొచ్చి, "బుట్ట మేమే మోస్తావండీ" అని చెప్పి వెళ్ళారు. ఇప్పుడా గడి ఖాళీగా ఉన్నది వాళ్ళకొక్కళ్ళకే.

ఆలమూరు వాళ్ళు మూడో పొయ్యి అంటున్నారు. నువ్వన్న వేరే టేబులే పెట్టు.

ఆశీస్సులతో,
గంగాధరరావు

తా.క. మన ఇంటి వరసలోనూ ఆ గడి నిండింది. మీ అత్తయ్య తన పేరు రాసుకుంది. అన్నం ఎలా వార్చాలో తిరుగు టపాలో రాయి.